ఏకమా, అనేకమా? – ఇంగ్లీషు వచనం చుట్టూ రెండు పాత తగాదాలు

ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు పిల్లవాణ్ణి మొదటి ఏడాదిలోనే కలవరపెట్టే సూత్రం ఒకటుంది. నామవాచకం చివర ‘ఎస్’ చేరితే బహువచనం. క్రియ చివర అదే ‘ఎస్’ చేరితే ఏకవచనం. ‘బాయ్ రన్స్’, ‘బాయ్స్ రన్’. మన భాషలో ఇటువంటి తికమక లేదు. పిల్లవాడు పరుగెత్తుతాడు, పిల్లలు పరుగెత్తుతారు. కర్త ఎటు పోతే క్రియ అటే పోతుంది. మా బడిలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ‘ఒకచోట ఎస్ వస్తే రెండోచోట రాదు, అంతే’ అని తేల్చేసేవారు. పరీక్షకు అది చాలు. ఎందుకలా అని అడిగేవాడికి మాత్రం జవాబు వ్యాకరణంలో దొరకదు, చరిత్రలో వెతుక్కోవాలి.

చరిత్రలోకి తొంగిచూసిన కొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమవుతూ వచ్చింది. ఏకవచన బహువచనాలను మనం లెక్కకు సంబంధించిన విషయాలుగా చదువుకొంటాం. కాని ఎవరిని ఒకరుగా చూడాలి, ఎవరిని అనేకులుగా మన్నించాలి, ఏ సమూహాన్ని ఒకే వస్తువుగా ఒప్పుకోవాలి అన్నవి లెక్కతో తేలే ప్రశ్నలు కావు. ఈ ప్రశ్నల మీద ఇంగ్లీషువారు దెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు, యుద్ధం కూడా చేశారు. అటువంటి తగాదాలు రెండింటిని గురించి ఈ వ్యాసం. ముందుగా ఆ రెండు ‘ఎస్’ల సంగతి చూసి ముందుకు పోదాం.

*

వెయ్యేళ్ళ క్రితపు ఇంగ్లీషు మన సంస్కృతం వలె ప్రత్యయాల భాష. ఒక్కొక్క జాతి నామవాచకానికి ఒక్కొక్క బహువచన ప్రత్యయం ఉండేది. కొన్నిటికి ‘అస్’, కొన్నిటికి ‘అన్’, కొన్నిటికి ‘రు’. కొన్నిటిలో లోపలి అచ్చు మారేది. కొన్ని ఏమీ మారేవి కావు. క్రియలకూ బహువచన ప్రత్యయాలు వేరుగా ఉండేవి. తరువాత డేన్‌ల రాక, 1066లో నార్మన్ల గెలుపు, వాటి వెంట భాషల కలగలుపు. పలుకుబడిలో పదాల చివరి అక్షరాలు అరిగిపోయాయి. ఆ అరుగుదలలో ‘అస్’ మిగిలి, తక్కిన జాతుల మీద కూడా పెత్తనం సంపాదించింది. నేటి నామవాచకపు ‘ఎస్’ అదే.

ఓడిపోయిన పద్ధతుల శకలాలు అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. ‘ఆక్సెన్’లో పాత ‘అన్’ ఉంది. ‘ఫీట్’, ‘మైస్’, ‘మెన్’ అచ్చు మారే తెగకు చెందినవి. ‘షీప్’, ‘డీర్’ ఏమీ మారని తెగ. ‘చిల్డ్రెన్’ కథ మరీ తమాషా. ‘రు’ చేరి ఒకసారి బహువచనమైన మాటకు, అది చాలదన్నట్టు, ‘ఎన్’ కూడా తగిలించారు. అంటే అది రెండుసార్లు బహువచనం.

ప్రత్యయం ఎంత మోసం చేయగలదో చూడాలంటే బఠాణీ గింజ చాలు. పాత ఇంగ్లీషువారికి ‘పీజ్’ అన్నదే ఏకవచనం. ఆ చివరి ధ్వనిని జనం బహువచన ప్రత్యయమనుకొని, దాన్ని కోసేసి, పదిహేడవ శతాబ్దంలో ‘పీ’ అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. ‘చెర్రీ’ కూడా నార్మన్ ఫ్రెంచి మాటను అలాగే కత్తిరించగా వచ్చింది. ‘రిచెస్’ అనే మాట ఫ్రెంచిలో ఏకవచనం. ఇంగ్లీషులో దాని తోకను చూసి బహువచనం చేశారు. ‘న్యూస్’ బహువచనంగా పుట్టి ఏకవచనమైంది.

ఇక క్రియ చివరి ‘ఎస్’ మరొక కుటుంబానిది. దక్షిణాన ‘ఎత్’ అనేవారు. ఉత్తరాది మాండలికాల ‘ఎస్’ మెల్లగా దక్షిణానికి దిగి, పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ‘ఎత్’ను వెళ్ళగొట్టింది. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులో ఇంకా ‘ఎత్’దే రాజ్యం, షేక్స్‌పియరు నాటకాల్లో రెండూ కనిపిస్తాయి. ఈలోగా బహువచన క్రియల ప్రత్యయాలు పూర్తిగా రాలిపోయాయి. అందువల్ల ఏకవచనానికి ప్రత్యయం ఉండి, బహువచనానికి ఏమీ లేని వింత ఏర్పడింది. రెండు ‘ఎస్’లకు చుట్టరికం లేదు, ఒకే ఇంట్లో అద్దెకు దిగిన పరాయివాళ్ళు.

భూతకాలంలో అయితే ఆ తేడా కూడా పోయింది, ఒక్క క్రియలో తప్ప. ‘వాజ్’, ‘వర్’ అన్న జంట మాత్రం పాత కాలపు వచనభేదాన్ని నేటిదాకా మోసుకొచ్చింది. మొదటి తగాదాలో ఈ జంటకు పాత్ర ఉంది.

*

ఇంగ్లీషులో ‘నువ్వు’కు ‘దౌ’ అనీ, ‘మీరు’కు ‘యీ’, ‘యూ’ అనీ వేరువేరు మాటలుండేవి. మొదట్లో ఆ తేడా కేవలం సంఖ్యకు సంబంధించినది. ఒకరైతే ‘దౌ’, పలువురైతే ‘యీ’. పెద్దవారు ఒక్కరే అయినా బహువచనంలో పిలిచే మర్యాద రోమక సామ్రాజ్యపు చివరి రోజుల్లో చక్రవర్తుల దగ్గర మొదలై, ఫ్రెంచివారి మీదుగా, పదమూడవ శతాబ్దానికి ఇంగ్లీషులో అడుగుపెట్టింది. తెలుగువారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. తండ్రిని ‘మీరు’ అనీ, తల్లిని ‘నువ్వు’ అనీ పిలిచే ఇళ్ళు మనకెన్నో ఉన్నాయి. దేవుణ్ణి ‘నీవు’ అంటాం. ఇంగ్లీషువారూ ‘దౌ’ అనే ప్రార్థించారు.

పదిహేడవ శతాబ్దం నాటికి ‘దౌ’ అన్నది సన్నిహితులకు, పిల్లలకు, నౌకర్లకు, తిట్టదలచుకొన్నవారికి మిగిలింది. 1603లో వాల్టర్ రాలీని రాజద్రోహ నేరం మీద విచారించినప్పుడు, ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు న్యాయస్థానంలో ఆయనను ‘దౌ’ అని సంబోధించి, కావాలనే అలా పిలుస్తున్నానని ఎత్తిచూపి మరీ అవమానించాడు. షేక్స్‌పియరు ‘ట్వెల్ఫ్త్ నైట్’లో ద్వంద్వయుద్ధానికి ఉత్తరం రాయబోయే పిరికివాడికి అతని మిత్రుడిచ్చే సలహా కూడా ఇదే: రెండు మూడు సార్లు ‘దౌ’ అను, చాలు.

ఈ వాతావరణంలో 1650 ప్రాంతంలో జార్జ్ ఫాక్స్ అనే సంచార బోధకుడి చుట్టూ క్వేకర్లు అనే కొత్త మతశాఖ ఏర్పడింది. వారు ఎవరి ముందూ టోపీ తీయరు. ఎవరికీ వంగి నమస్కరించరు. రాజైనా, కూలివాడైనా, న్యాయాధికారి అయినా ఒక్క మనిషిని ‘దౌ’ అనే పిలుస్తారు. వారి వాదంలో రెండు పాయలున్నాయి. ఒక్క మనిషిని పట్టుకొని అనేకులన్నట్టు మాట్లాడటం అబద్ధం. సత్యం పలకవలసినవాడు అబద్ధపు వచనం వాడరాదు. రెండవది, ధనవంతుణ్ణి బహువచనంలోను, పేదవాణ్ణి ఏకవచనంలోను పిలవడం దేవుని ముందు సమానులైనవారి మధ్య తేడా కల్పించడం.

1660లో ఫాక్స్, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ కలిసి ఒక విచిత్రమైన పుస్తకం వేశారు. ఉపాధ్యాయులకూ పండితులకూ ఏకవచన బహువచనాలు నేర్పే ‘బాటిల్‌డోర్’ అని దాని పేరు. ఆ కాలపు పిల్లలు పిడి ఉన్న చెక్కపలక మీద అక్షరాలు దిద్దుకొనేవారు. ఆ పలకకు అది ఒక పేరు. పుటల చుట్టూ పలక ఆకారాన్నే గీతలుగా వేశారు. లాటిన్, గ్రీకు, హీబ్రూ మొదలుకొని ఎన్నో భాషల ఉదాహరణలిచ్చి, ‘నువ్వు’ వేరు ‘మీరు’ వేరని ప్రతి భాషా చెబుతోంది, మీరు మాత్రం ఆ పాఠం మరచిపోయారు అని పండితులనే ఎకసెక్కమాడారు. ఒక సాంఘిక తిరుగుబాటు వ్యాకరణ పుస్తకం రూపంలో రావడం నాకు తెలిసినంతలో అరుదు.

పుస్తకం సంగతి అలా ఉంచితే, ఇళ్ళలో ఏం జరిగిందో టామస్ ఎల్‌వుడ్ స్వీయచరిత్ర చెబుతుంది. అంధుడైన మిల్టనుకు పుస్తకాలు చదివి వినిపించిన యువకుడిగా సాహిత్య చరిత్రలో ఇతడికి చోటుంది. ఇరవై ఏళ్ళ వయసులో క్వేకరైన ఎల్‌వుడ్ తండ్రి ఎదుట టోపీ తీయలేదు. తండ్రిని ‘దౌ’ అన్నాడు. ఆ తండ్రి అతడి నెత్తిమీద కొట్టాడు. మళ్ళీ తనను అలా పిలిస్తే పళ్ళు రాలగొడతానన్నాడు. కొడుకు తనను ప్రేమిస్తున్నాడని ఆ తండ్రికి తెలియకపోలేదు. కాని తన ఊళ్ళో నౌకర్లు వింటూండగా కొడుకు తనను నౌకరులా పిలవడాన్ని ఆయన భరించలేకపోయాడు. ఒక సర్వనామానికి ఇంత బాధ ఉంటుందా అని ఎవరికైనా అనుమానం వస్తే, మన పల్లెల్లో పెద్దమనిషిని ‘నువ్వు’ అన్నందుకు ఎవరెవరు ఎన్ని దెబ్బలు తిన్నారో ఒక్కసారి తలచుకొంటే చాలు.

క్వేకర్లు గెలవలేదు. లండను వంటి నగరాల్లో ఎదుటి మనిషి అంతస్తు ఏమిటో తెలియని పరిస్థితి పెరిగింది. తెలియనప్పుడు ‘యూ’ అనడమే క్షేమం. ఆ క్షేమం అలవాటై, శతాబ్దం ముగిసేసరికి నాగరిక భాషలో ‘దౌ’ దాదాపు కనుమరుగైంది. క్వేకర్లు అందరినీ ‘నువ్వు’ అని సమం చేయాలనుకొన్నారు. భాష అందరినీ ‘మీరు’ అని సమం చేసింది. పనివాడికీ ప్రభువుకూ ఒకటే మాట మిగిలింది గనుక, సర్వనామం మేరకైనా వారి కోరిక తలకిందులుగా నెరవేరిందనే నేననుకొంటాను.

కథ అక్కడితో ఆగలేదు. ‘యూ’ ఒక్కరికి కూడా వర్తించినప్పుడు దాని క్రియ ఏ వచనంలో ఉండాలి? పద్ధెనిమిదవ శతాబ్దంలో చదువుకొన్నవారు కూడా ఒక్కరితో మాట్లాడేటప్పుడు ‘యూ వాజ్’ అనీ, పలువురితో ‘యూ వర్’ అనీ అనేవారు. పోయిన తేడాను క్రియ ద్వారా తిరిగి తెచ్చుకొనే చక్కని ప్రయత్నం అది. 1762లో రాబర్ట్ లౌత్ తన చిన్న వ్యాకరణంలో దాన్ని అపశబ్దమని కొట్టివేశాడు. సర్వనామం బహువచనమైతే క్రియ కూడా బహువచనమే కావాలని ఆయన తర్కం. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ జనవ్యవహారమే ప్రమాణమంటూ ‘యూ వాజ్’ను వెనకేసుకొచ్చాడు. బడిపుస్తకాలు మాత్రం లౌత్ బాటనే నడిచాయి. 1795లో లిండ్లీ మర్రే రాసిన వ్యాకరణం లౌత్ నుండి ఎంతో తీసుకొని, దశాబ్దాల తరబడి బడుల్లో ఏలింది. విచిత్రమేమిటంటే మర్రే స్వయంగా క్వేకరు. యార్కులోని క్వేకరు బాలికల బడి కోసమే ఆ పుస్తకం రాశాడు.

పోయిన బహువచనం లోటు ఇప్పటికీ తీరలేదు. అమెరికా దక్షిణాదివారు ‘యాల్’ అంటారు, ఐర్లండువారు ‘యూజ్’ అంటారు. మనవాళ్ళు ‘మీరంతా’ అనే అర్థంలో ‘యూ పీపుల్’ అని, ఎదుటివారు ఎందుకు ముఖం చిట్లించారో తెలియక తికమకపడతారు. ఇక ఈ శతాబ్దంలో ‘దే’ అనే బహువచన సర్వనామం ఒక్క వ్యక్తికి వాడటం మీద జరుగుతున్న వాదాలు, 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచడం చూస్తే, ‘యూ’ నడిచిన దారిలోనే మరో మాట నడుస్తున్నట్టుంది. ‘యూ ఆర్’ అని రోజూ ఒక్కరితో అంటూనే, ఒక్కరికి ‘దే ఆర్’ వాడటం తర్కవిరుద్ధం అనేవారు మొదటి తగాదా సంగతి మరచిపోయినవారు.

*

మొదటి తగాదా మనుషుల మధ్య నడిచింది. రెండవది ఒక దేశం పేరు మీద నడిచింది. ‘యునైటెడ్ స్టేట్స్’ అన్న పేరు రూపంలో బహువచనం. దాని పక్కన ‘ఆర్’ ఉండాలా, ‘ఈజ్’ ఉండాలా?

తొలినాళ్ళలో అమెరికన్ల రాజపత్రాలు బహువచనం వైపే మొగ్గాయి. 1783 పారిస్ సంధిలో బ్రిటిష్ రాజు పదమూడు రాష్ట్రాలనూ పేరుపేరునా చెప్పి, అవి స్వతంత్ర రాజ్యాలని అంగీకరించాడు. 1787 రాజ్యాంగం మూడవ అధికరణంలో రాజద్రోహానికి నిర్వచనం చెబుతూ, యునైటెడ్ స్టేట్స్ మీద యుద్ధం చేయడాన్ని ‘వాటి’ మీద యుద్ధమని, ‘వాటి’ శత్రువులకు చేరువ కావడమని బహువచన సర్వనామాలే వాడింది. ఏకవచన ప్రయోగాలూ అప్పుడే లేకపోలేదు. కాని అవి తక్కువ.

ఈ ‘వాటి’లో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉంది. అమెరికా అంటే ఒప్పందం చేసుకొన్న కొన్ని రాజ్యాలా, ఒకే రాజ్యమా? రాజ్యాలు అనేకమైతే, ఇష్టం లేనిది విడిపోవచ్చు. బానిసత్వాన్ని కాపాడుకోదలచిన దక్షిణాది రాష్ట్రాలు ఆ వాదాన్నే ఎత్తుకొన్నాయి. 1860 డిసెంబరు 20న దక్షిణ కరొలైనా విడిపోతున్నట్టు ప్రకటించింది. 1861 నుండి 1865 వరకు సాగిన అంతర్యుద్ధంలో 6 లక్షలకు పైగా సైనికులు మరణించారు. 1863లో గెటిస్‌బర్గ్ శ్మశానవాటిక ప్రారంభానికి లింకన్ చేసిన చిన్న ప్రసంగంలో ‘నేషన్’ అన్న మాట 5 సార్లు వస్తుంది. ‘యునైటెడ్ స్టేట్స్’ అన్న పేరు ఒక్కసారీ రాదు. బహువచనపు పేరును పక్కనపెట్టి ఏకవచనపు మాటను పట్టుకొన్నట్టు నాకు తోస్తుంది.

యుద్ధానికి ముందు ‘ఆర్’, యుద్ధం తరువాత ‘ఈజ్’ అన్నది అమెరికాలో బాగా ప్రచారంలో ఉన్న కథ. 1990లో కెన్ బర్న్స్ తీసిన అంతర్యుద్ధపు డాక్యుమెంటరీలో రచయిత షెల్బీ ఫూట్ ఇదే మాట చెప్పడంతో దానికి మరింత వ్యాప్తి కలిగింది. వినడానికి ఎంతో బాగుంటుంది గాని, రికార్డు అంత సాఫీగా లేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ యుద్ధం ముగిసిన ఏడే, అంటే 1865లో, ఆమోదం పొందింది. దానిలో యునైటెడ్ స్టేట్స్‌కు వాడిన సర్వనామం ఇంకా బహువచనమే. 1868 నాటి 14వ సవరణ ఏ వచనమూ తేలని మాట వాడి తప్పుకొంది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పులను పరిశీలించి మైనర్ మయర్స్ 2008లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, న్యాయమూర్తుల కలాల్లో బహువచనం పందొమ్మిదవ శతాబ్దం చివరిదాకా కొనసాగింది.

1901లో కూడా ఇది పత్రికల్లో చర్చించదగిన విషయంగానే ఉంది. విదేశాంగ మంత్రిగా పనిచేసిన జాన్ ఫాస్టర్ ఆ ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో ఏకవచనాన్ని సమర్థిస్తూ సుదీర్ఘంగా రాశాడు. మరుసటి ఏడు, 1902లో, ప్రతినిధుల సభకు చెందిన చట్టాల సవరణ సంఘం ‘యునైటెడ్ స్టేట్స్’ను ఏకవచనంగా పరిగణించాలని నిర్ణయించింది. తుపాకులు ఆగిన 37 ఏళ్ళకు గాని క్రియ సంగతి తేలలేదన్నమాట. యుద్ధం రాష్ట్రాలను కలిపి ఉంచింది గాని, వాటిని ఒకటిగా తలచే అలవాటు ఒక తరం గడిచాకనే నోటికి వచ్చింది.

*

ఇన్ని తగాదాలు చూసి విసిగినట్టుగా, చట్టం మరొక దారి తొక్కింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక చట్టం ప్రకారం, ఇకమీదట చట్టాల్లో ఏకవచనం బహువచనాన్నీ, బహువచనం ఏకవచనాన్నీ సూచిస్తాయి. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను కూడా అదే చెబుతుంది. 367వ అధికరణం ఆ చట్టాన్ని మన రాజ్యాంగ వ్యాఖ్యానానికి కూడా వర్తింపజేసింది. ‘వ్యక్తి’ అని ఉన్నచోట ‘వ్యక్తులు’ అని కూడా చదువుకోవచ్చు. ఇంగ్లీషువారు వందల ఏళ్ళు కొట్టుకొన్న తేడాను న్యాయశాస్త్రం ఒక్క వాక్యంతో తుడిచేసింది.

అయితే దేశం పేరు దగ్గరకు వచ్చేసరికి మన రాజ్యాంగ రచయితలు జాగ్రత్తపడ్డారు. మొదటి అధికరణం భారతదేశాన్ని రాష్ట్రాల ‘యూనియన్’ అంది. రాష్ట్రాలన్నది బహువచనమైనా, క్రియకు కర్త అయిన పేరు ఒక్కటే. 1948 నవంబరు 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఆ మాటను ఎందుకు ఎంచుకొన్నారో వివరించారు. ఇది రాష్ట్రాలు ఒప్పందం చేసుకోగా ఏర్పడిన సమాఖ్య కాదు గనుక ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదని, ఆ సంగతి తేల్చడానికి అమెరికన్లు అంతర్యుద్ధం చేయవలసి వచ్చిందని, మనం మొదటే స్పష్టం చేస్తున్నామని ఆయన చెప్పిన సారాంశం.

మన తెలుగులో ఈ రెండు తగాదాలకూ గురుతులున్నాయి. ‘అమెరికా ప్రకటించింది’ అని రాస్తే ఏకవచనం. అదే పత్రిక ‘అమెరికా సంయుక్త రాష్ట్రాలు ప్రకటించాయి’ అని రాస్తే బహువచనం. ఫాస్టరూ, 1902 నాటి సంఘమూ తెలుగు ‘లు’ను ఏమీ చేయలేకపోయారు, 1787 నాటి అన్వయం మన పత్రికల్లో క్షేమంగా ఉంది. ‘యునైటెడ్ నేషన్స్’ను తెలుగు చేసినవారు మాత్రం ‘ఐక్యరాజ్య సమితి’ అని, చివర ‘సమితి’ చేర్చి పేచీ లేకుండా చేశారు.

మొదటి తగాదాకు సంబంధించినది ఇంకొంచెం లోతైనది. మన వ్యాకరణంలో పురుషుడు మహత్తు. వస్తువులూ, జంతువులూ అమహత్తులు. ‘అతడు వచ్చాడు’, ‘ఆవు వచ్చింది’. స్త్రీ ఒక్కతే వస్తే ‘ఆమె వచ్చింది’. క్రియ ఆవుతోనే పోయింది. నలుగురు స్త్రీలు వస్తే ‘వచ్చారు’. అప్పుడు మహత్తులతో చేరారు. ఒక్క స్త్రీ ఆ గౌరవం పొందాలంటే బహువచనమే శరణ్యం: ‘ఆవిడ వచ్చారు’, ‘అమ్మగారు వచ్చారు’. ఇంగ్లీషులో బహువచనం మనిషిని పెద్దచేసింది. తెలుగులో ఆడమనిషి విషయంలో అది మనిషిగా లెక్కించే పని కూడా చేస్తోంది.

భాష ఇలా ఎప్పుడు ఏర్పడిందో, ఏ ఉద్దేశంతో ఏర్పడిందో దాన్నిబట్టి పూర్వుల మనసు చదవడం తొందరపాటవుతుంది. వాడేవాడికి ఆ ఆలోచన ఉండకపోవచ్చు కూడా. అయినా, ఎల్‌వుడ్ తండ్రి చేయి ఎత్తింది ఒక్క సర్వనామం కోసమే కదా. మనం రోజూ ఆలోచించకుండా వాడే ‘వచ్చింది’, ‘వచ్చారు’ల మధ్య ఎంత దూరముందో, ఇంట్లో పనిచేసే మనిషిని గురించి మాట్లాడేటప్పుడు మనం ఏది వాడుతున్నామో ఒకసారి గమనించి చూడండి.